ఎకరాకు రెండు సెంట్లు

గుంటూరు చుట్టుపక్కల ఊళ్ళలో తొలకరి పడగానే మొక్కలు నాటే సందడి మొదలవుతుంది. అందుకు తేలిగ్గా దొరికే చోటు ఊరి చివర పశువులు మేసే పోరంబోకు. వరసగా గుంతలు తీస్తారు, కానుగో వేపో నాటుతారు, నీళ్ళు పోస్తారు, ఫొటోలు దిగి వెళ్తారు. వాళ్ళ మనసు మంచిదే, అందులో సందేహం లేదు. కానీ ఆ నేల అప్పటికే గడ్డితో పచ్చగా ఉందని ఎవరూ గమనించరు. తీతువు, కౌజు, పూరేడు, భరతపిట్ట నేల మీదే గుడ్లు పెడతాయి. ఎండాకాలం చివర, తొలకరి రోజులు వాటిలో చాలావాటికి పిల్లల్ని పెంచుకునే కాలం. సరిగ్గా అప్పుడే మనం పారలు పట్టుకుని ఆ గడ్డిలోకి దిగుతాం.

పక్షులు బతకాలంటే చెట్లు పెంచాలని చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నాం. అడవి పక్షులకు అది నిజం. పొలాన్ని నమ్ముకున్న పక్షుల దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం సరిపోదు. వాటికి కాస్త గడ్డి కావాలి, కాస్త బురద కావాలి, మందు పడని పురుగు కావాలి. గత ముప్పై నలభై ఏళ్ళలో వీటిని మన పొలాల్లోంచి, చెరువుల్లోంచి, బీళ్ళలోంచి ఊడ్చేశాం. మళ్ళీ తేవడం మన చేతిలోనే ఉంది. దానికి పెద్ద నిధుల కోసం, పెద్ద పథకాల కోసం ఎదురుచూడనక్కర్లేదు. భూమి ఉన్నవాళ్ళు ఎకరాకు రెండు సెంట్లు వదిలితే పని మొదలవుతుంది. ఈ రెండు సెంట్ల మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ముందు పక్షుల సంగతి చూద్దాం.

మన దేశంలో పక్షుల స్థితిగతులపై 2023లో ఒక పెద్ద నివేదిక వచ్చింది. దాదాపు 30 వేల మంది పక్షి పరిశీలకులు నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనలను క్రోడీకరించి 942 జాతుల పరిస్థితిని మదింపు చేశారు. చాలా ఏళ్ళ ధోరణి స్పష్టంగా తెలిసిన 338 జాతుల్లో 60 శాతం తగ్గుతున్నాయి. వెంటనే పట్టించుకోవలసినవిగా 178 జాతులను గుర్తించారు. ఆ నివేదికలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది పాలపిట్ట. దసరా నాడు కనిపిస్తే శుభమని వెతుక్కునే పిట్ట, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర పక్షి. అది పన్నెండేళ్ళ వ్యవధిలోనే 30 శాతం దాకా తగ్గిందని ఆ నివేదిక చెబుతోంది. అదే నివేదికలో నెమలి, కోకిల పెరిగాయి. ఈ తేడా చూస్తే కారణం సగం అర్థమవుతుంది. తోటల్లో, ఇళ్ళ మధ్య చెట్లలో సర్దుకోగలిగినవి నిలదొక్కుకుంటున్నాయి. పాలపిట్ట బతుకు వేరు. ఎత్తుగా ఒక తీగో కొమ్మో చూసుకుని కూర్చుంటుంది, కింద ఆరుబయట నేల మీద కదిలే మిడతను, పేడపురుగును చూసి దిగుతుంది. దానికి కూర్చునే తీగలు ఇప్పుడు కావలసినన్ని ఉన్నాయి. దిగి పట్టుకోవడానికి కింద మిడతలు లేవు.

పిట్టల మీద మనకు ప్రేమ తక్కువేమీ కాదు. కోతలు అయ్యాక వరి కంకులను కుచ్చులుగా అల్లి చూరుకో గుడి మండపానికో వేలాడదీసే అలవాటు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇంకా ఉంది. పిచ్చుకలు వచ్చి ఆ కంకులకు తలకిందులుగా వేలాడుతూ గింజ ఒలుచుకుంటుంటే చూడడం ఎంత బాగుంటుందో! కానీ పిచ్చుక తాను గింజ తిన్నా గూట్లోని పిల్లలకు మొదట్లో పెట్టేది మెత్తటి పురుగులనే. గిజిగాడూ అంతే. కళ్ళు తెరవని పిల్ల గింజను అరిగించుకోలేదు. పెద్ద పక్షికి ఎంత ధాన్యం పెట్టినా, ఆ పదిహేను ఇరవై రోజులు చుట్టుపక్కల లద్దె పురుగో మిడత పిల్లో దొరకకపోతే గూడు ఖాళీ అవుతుంది. చూరు కింద కట్టిన కుచ్చు, డాబా మీద పెట్టిన నీళ్ళ మూకుడు మంచివే. అవి పెద్ద పక్షి ఆకలి, దప్పిక తీరుస్తాయి, దాని పిల్లల సంగతి మాత్రం పొలమే చూడాలి.

తెనాలి, దుగ్గిరాల వైపు కాలువ గట్ల మీద తాటిచెట్లకు గిజిగాడి గూళ్ళు వేలాడుతుంటాయి. వానాకాలంలో ఒక గంట ఆ చెట్టు కింద నిలబడితే చాలా తెలుస్తుంది. పసుపుపచ్చ తలతో మగ పక్షి వరి ఆకు అంచును ముక్కుతో కొరికి, ఎగురుతూ లాగి, పొడుగాటి పీలికగా చీల్చుకుని వస్తుంది. గూడు సగం దాకా, టోపీ ఆకారంలో అల్లి, దాని అంచు పట్టుకుని రెక్కలు కొట్టుకుంటూ అరుస్తుంది. ఆడ పక్షి వచ్చి లోపలికి తొంగి చూసి, అల్లికను లాగి చూసి, నచ్చితే ఉంటుంది. నచ్చకపోతే వెళ్ళిపోతుంది, ఆ సగం గూడు అలాగే మిగిలిపోతుంది. ఈ పని అంతటికీ రెల్లు, వరి ఆకు, తాటాకు కావాలి. ఆ తర్వాత పిల్లలకు పురుగు కావాలి. చెట్టును నరకకుండా వదిలి గట్టు మీద గడ్డి మందు కొడితే, ఇల్లు ఉంచి వంటగది కూల్చినట్టే.

డెల్టా మాగాణిలో ఏం మారిందో రైతులకు నేను చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు వరి కోతకు ముందే, ఇంకా పదును ఉన్న నేలలో మినుములో పెసలో చల్లేవారు. దుక్కి లేదు, మందులు తక్కువ. కోసిన వరి మోళ్ళ మధ్య మినుము లేచేది, రాలిన గింజ మిగిలేది. పనలు కళ్ళానికి వెళ్ళాక పరిగె ఏరుకునే పిల్లలూ పక్షులూ ఒకే మడిలో తిరిగేవారు. తర్వాత మినుముకు పల్లాకు తెగులు, బంగారు తీగ బెడద పెరిగాయి. చాలామంది వరి తర్వాత దున్నకుండా మొక్కజొన్న వేయడానికి మళ్ళారు. రైతు కోణంలో అది తెలివైన నిర్ణయమే. దిగుబడి వచ్చింది, అప్పు తీరింది. కానీ దున్నని నేలలో కలుపును అణచడానికి విత్తే ముందే మందు కొట్టాలి. ఆ మందుకు మడితో పాటు గట్టు, బోదె అంచు, మూలన ఉన్న తుంగ అన్నీ మాడిపోతాయి. మెట్టన మిరప, పత్తి సంగతి సరేసరి. 2021లో నల్ల తామర పురుగు మిరప మీద పడినప్పుడు గుంటూరు రైతు ఏ మందు దొరికితే అది కొట్టాడు. ఆ పరిస్థితిలో ఎవరైనా అదే చేసేవారు. తామర పురుగు లాంటి కంటికి ఆనని పురుగును పక్షులు అదుపు చేయలేవు, చేస్తాయని చెప్పడం రైతును మోసగించడమే. శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు లాంటి పెద్ద పురుగుల విషయం వేరు. వ్యవసాయ శాఖ వాళ్ళు పత్తిలో, కందిలో పంగల కర్రలు పాతి పక్షి స్థావరాలు పెట్టమని ఎప్పటి నుంచో చెబుతున్నది వీటి కోసమే. ఆ కర్ర మీద వాలి, పురుగును ఏరుకుని తినేది పసులపోలిగాడు, గోరువంక, పాలపిట్ట. కర్ర పాతినా వాలడానికి పిట్ట ఉండాలి కదా. ఆ పిట్ట మిగతా ఏడాదంతా ఎక్కడ ఉండాలి?

గడ్డినేలల దగ్గరికి మళ్ళీ వస్తాను. 2005 నుంచి 2015 వరకు పదేళ్ళలో మన దేశం 31 శాతం పచ్చిక భూములను పోగొట్టుకుందని కేంద్ర ప్రభుత్వమే ఐక్యరాజ్య సమితి ఎడారీకరణ నిరోధక ఒప్పందానికి ఇచ్చిన వివరాల్లో ఉంది. మన రాష్ట్రంలో దాని ఫలితం కళ్ళ ముందే ఉంది. కర్నూలు వైపు రోళ్ళపాడును 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యంగా ప్రకటించారు. ఇప్పుడు అక్కడ బట్టమేక పక్షి కనిపించడం లేదు. కడప జిల్లా లంకమల ప్రాంతంలో 1986లో తిరిగి కనిపించిన కలివికోడి ఉండేది దట్టమైన అడవిలో కాదు, ముళ్ళ పొదల మధ్య ఖాళీలున్న నేలలో. ఇలాంటి నేలను రెవెన్యూ లెక్కల్లో బీడుగా రాసి, ఎవరికి ఏది కావాలంటే దానికి ఇచ్చేస్తూ వచ్చాం. ఇవ్వగా మిగిలినదాన్ని సర్కారు తుమ్మ ఆక్రమించింది. ఆ చెట్టు మన దేశానికి వచ్చిందే 1877 ప్రాంతంలో, కడప జిల్లాకు. ఒక్కసారి కమ్ముకుందంటే కింద గడ్డి పరక మొలవదు, గొర్రెలు దూరలేవు, నేల మీద గుడ్లు పెట్టే పిట్టకు చోటుండదు.

అలాగని సర్కారు తుమ్మ కనిపించిన ప్రతిచోటా నరకమని నేను అనను. గుంటూరు పక్కనే ఉన్న ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగొట్టు కొంగలు గూళ్ళు పెట్టుకుంటున్నది ఆ తుమ్మ చెట్ల మీదే. చుట్టూ నీళ్ళు ఉన్నాయి కాబట్టి పిల్లీ కుక్కా చేరలేవు. పక్కనే ఊరు ఉన్నా జనం వాటి జోలికి పోరు. అక్కడ ఆ చెట్టు ఉండాలి. ఎండిన మేత పోరంబోకులో అదే చెట్టును వేళ్ళతో సహా తీయాలి. తీశాక వెంటనే మొక్కలు నాటకూడదు. రెండు మూడు వానాకాలాలు గడ్డిని గడ్డిగా పెరగనివ్వాలి. గొర్రెల కాపరులతో కూర్చుని మాట్లాడి, నేలను భాగాలుగా చేసి, ఒక భాగం మేపుతున్నప్పుడు ఇంకో భాగానికి విశ్రాంతి ఇవ్వాలి. మేత అసలే లేకపోతే పొదలు కమ్ముతాయి, మితిమీరితే దుమ్ము మిగులుతుంది. కాపరిని బయటికి తోసి కంచె వేసే పద్ధతి గడ్డినేలకు పనికిరాదు. పంచాయతీ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని 2011 జనవరిలో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. అంటే గ్రామసభలో మేత పోరంబోకు గురించి అడిగేవాళ్ళకు చట్టం అండ ఉంది.

ఇక చెరువులు. పూడిక తీయడం మంచి పనే, నీరు నిలుస్తుంది. కానీ ఇప్పుడు యంత్రంతో తీసే పద్ధతి చూడండి. అంచులను నిట్టనిలువుగా చెక్కేసి, అడుగంతా ఒకే లోతు చేసి, గట్టుకు రాళ్ళు పేరుస్తారు. కొంగ నిలబడడానికి దాని కాలంత లోతు నీళ్ళే కావాలి. ఉల్లంకి పిట్టలకైతే బురద తడిగా ఉంటే చాలు. జమ్ముకోడికి జమ్ము కావాలి. నిలువు గోడల చెరువులో నీటికాకులు ఈదుతాయి తప్ప మిగతావాటికి కాలు మోపే చోటు లేదు. ఉపాధి హామీలో పూడిక తీసేటప్పుడు ఒక వైపు అంచును ఏటవాలుగా ఉంచడానికి, ఆ వైపు తుంగను, జమ్మును కదపకుండా వదలడానికి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు లేదు. పని కొలిచే అధికారి ఒప్పుకుంటే చాలు. అమరావతిలో నీరుకొండ, శాఖమూరు, కృష్ణాయపాలెం దగ్గర తలపెట్టిన జలాశయాలకు కూడా ఇదే నా విన్నపం. అన్ని వైపులా రాతి కట్టడం కట్టకండి, ఒక వైపు నేలను నీటిలోకి మెల్లగా దిగనివ్వండి.

చట్టం ఇక్కడ మనకు సాయం చేయడం లేదు. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనల్లో వరి పొలాలను, సాగునీటి కోసం, తాగునీటి కోసం తవ్విన చెరువులను చిత్తడి నేలల లెక్కలోంచి తీసేశారు. డెల్టా పక్షులు బతికేది ముఖ్యంగా ఆ రెండింటిలోనే. పెద్ద సరస్సులకైనా రక్షణ నిలిచిందా అంటే అదీ లేదు. కొల్లేరును 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో చేపల చెరువుల గట్లను కొట్టేశారు. తర్వాత ఆక్రమణలు మళ్ళీ వచ్చాయి. కొల్లేరులోకి వెళ్ళే బుడమేరు 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో సింగ్‌నగర్‌ను, చుట్టుపక్కల కాలనీలను రోజుల తరబడి ముంచింది. గట్లకు గండ్లు పడ్డాయి, అది అందరికీ తెలుసు. వాగు పొంగినప్పుడు నీళ్ళు పరుచుకోవడానికి ఒకప్పుడు ఉన్న పల్లపు నేలలు, జమ్ము మడుగులు ఇళ్ళ స్థలాలుగా మారిపోయాయన్నది కూడా అంతే నిజం. కొంగలు నిలబడే నేలే వరదను మోసే నేల. విజయవాడ మళ్ళీ మునగకూడదనుకునేవాళ్ళు, పక్షులు ఉండాలనుకునేవాళ్ళు ఒకే అర్జీ మీద సంతకం చేయవచ్చు.

పోయినవి తిరిగి వస్తాయా అని చాలామంది అడుగుతారు. వస్తాయి, చోటు ఇస్తే. అమెరికా, కెనడాల్లో 1970 తర్వాత దాదాపు 290 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కకట్టింది. పచ్చిక నేలల పక్షులు సగానికి పైగా పోయాయి. అదే కాలంలో చిత్తడి నేలల పక్షులు మాత్రం 13 శాతం పెరిగాయి. ఆ దేశాల్లో బాతుల కోసం, చిత్తడి నేలల కోసం దశాబ్దాల పాటు డబ్బు పెట్టారు, గడ్డి కోసం అంతగా పెట్టలేదు. ఇంగ్లండులో సర్ల్ బంటింగ్ అనే చిన్న పొలం పిట్ట 1989లో 118 జంటలకు పడిపోయింది. డెవన్ ప్రాంత రైతులకు డబ్బిచ్చి, కోసిన పొలంలో మోళ్ళను చలికాలం దాటేదాకా దున్నకుండా ఉంచమన్నారు, పొలం అంచున గడ్డి వదలమన్నారు. 2016 నాటికి వెయ్యి జంటలు దాటాయి. అంత దూరం ఎందుకు, కొల్లేరులోని మన ఆటపాక చూడండి. 1970ల్లో కొల్లేరులో గూళ్ళు కట్టడం మానేసిన గూడబాతులు ఇప్పుడు అక్కడ నీళ్ళ మధ్య అటవీ శాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద పిల్లల్ని పెంచుతున్నాయి.

డెవన్ కథలో అసలు కీలకం రైతుకు ఇచ్చిన డబ్బు. మన దగ్గర ఈ చర్చ అక్కడే ఆగిపోతుంది. డెల్టాలో సాగు చేసేవాళ్ళలో ఎక్కువమంది కౌలు రైతులు. కౌలు ముందే ఖాయం, పంట పండినా పండకపోయినా బస్తాలు కొలవాలి. అలాంటి మనిషికి గట్టు మీద గడ్డి వదలమని, మందు తగ్గించమని చెప్పే హక్కు గుంటూరులో ఫ్యాను కింద కూర్చునే నాకు లేదు. తెనాలి దగ్గర మా కుటుంబానికి ఉన్న మాగాణిని కౌలుకు చేసే ఆయనను నేను బాబాయి అని పిలుస్తాను. ఈ మాట ఆయన దగ్గర ఎత్తితే ముందు ఎలుకల సంగతి చెప్పాడు.

"గట్టు మీద గడ్డి పెరిగితే ఎలుకలు కన్నాలు పెడతాయమ్మా. వరి పొట్ట మీద ఉన్నప్పుడు ఒక్క రాత్రిలో మడి కొరికేస్తాయి."

"మరి బోదె చివర, మురుగు కాలువలోకి నీళ్ళు దిగే మూల ఉంది కదా బాబాయి. అక్కడ ఎలాగూ వరి సరిగా రాదు కదా?"

"రాదు. అయినా దానికి కూడా మీకు బస్తాలు కొలుస్తున్నాను కదమ్మా."

వాదమంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. ఎలుకల గురించి ఆయన చెప్పింది అక్షరాలా నిజం. వరి మడుల మధ్య గట్లు సన్నగా, శుభ్రంగా ఉండాలి. గడ్డికి చోటు అక్కడ కాదు. బోదె చివర, మురుగు కాలువ అంచున, నీళ్ళు నిలిచి పంట చచ్చే మూలన. అలాంటి మూల ప్రతి కమతంలోనూ ఉంటుంది, అందరికీ తెలుసు. దానికి కౌలు వసూలు చేయడం మానడమే మిగిలిన పని. కౌలు ఎకరాకు 20 బస్తాలనుకుందాం. రెండు సెంట్ల వాటా ఎంత? అర బస్తా కూడా కాదు. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటూ ఇక్కడ భూమి కౌలుకు ఇచ్చిన మనలాంటివాళ్ళు ఆ అర బస్తా భరించలేమా?

మా మూలకు కౌలు తీసేశాం. అక్కడ ఎవరూ ఏమీ నాటలేదు. తుంగ దానంతట అదే లేచింది, తర్వాత జమ్ము వచ్చింది. నీళ్ళు వదిలిన రోజుల్లో గుడ్డికొంగ మెడ కుదించుకుని అంచున నిలబడుతోంది. మొన్న వానాకాలంలో జమ్ముకోడి బొగ్గులాంటి నల్లటి పిల్లల్ని వెంటబెట్టుకుని బోదె దాటడం బాబాయే చూసి ఫోను చేసి చెప్పాడు. పాలపిట్ట ఇంకా రాలేదు. రెండు సెంట్లకే అది వచ్చేస్తుందని నేను చెప్పను. దానికి ఊరంతా కావాలి. ఆ కాలువ వెంట ఉన్న కమతాలన్నీ మూలలు వదిలితే అవన్నీ కలిసి ఒక పట్టీ అవుతాయి.

మెట్ట పొలాలకు ఇంకో దారి ఉంది. రైతు సాధికార సంస్థ గుంటూరు నుంచే నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో తొలకరికి ముందే రకరకాల విత్తనాలు కలిపి నవధాన్యాలుగా చల్లిస్తున్నారు. నేల సారం కోసం మొదలుపెట్టిన పద్ధతి అది. ఎండాకాలం చివర, ఎక్కడా పచ్చదనం లేని రోజుల్లో ఆ మడి పురుగుకూ పిట్టకూ నీడ ఇస్తుంది, సరిగ్గా నేల పక్షులు పిల్లల్ని పెంచే రోజుల్లో. ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి వచ్చింది. ఆ చేలల్లో పక్షుల లెక్క కూడా రాయించడం మొదలుపెడితే ఎంతో ఉపయోగం.

కౌలు మాటలు ఏరువాకకు ముందే అవుతాయి. ఈ ఏడు మీ కౌలు రైతుతో కూర్చున్నప్పుడు ఏ మూల వదులుతున్నారో, ఎన్ని సెంట్లో, ఎన్ని కిలోలు తగ్గిస్తున్నారో ముందే తేల్చండి. కాగితం రాసుకుంటే అందులో ఒక వరుసగా చేర్చండి. ఏ మూల అన్నది ఆయననే చెప్పనివ్వండి, ఎక్కడ పంట రాదో ఆయనకే బాగా తెలుసు. మందు కొట్టడానికి వచ్చే కూలీలకు తెలియడం కోసం ఆ మూల చుట్టూ నాలుగు కర్రలు పాతి తెల్ల గుడ్డ కట్టించండి.